పద్దుల పుస్తకంలో ఒక అలిఫ్

వార్షిక సంచికకు ఏదైనా వ్రాసి ఇమ్మని సంపాదక వర్గం వారు కోరినప్పుడు, ఉర్దూ భాగానికా, తెలుగు భాగానికా అని అడిగాను. మీ ఇష్టమన్నారు. నేను చెప్పదలచిన విషయం నిజానికి ఆ రెంటి నడుమ ఉండవలసినది. మన సంచికను ఎడమ వైపు నుంచి తెరచినవారు తెలుగు చదువుతారు. కుడి వైపు నుంచి తెరచినవారు ఉర్దూ చదువుతారు. రెండు భాగాలూ మధ్యలో ఒకచోట ఎదురుపడతాయి. సరిగా అట్టి చోట నిలిచిన పుస్తకమొకటి మా ఇంట ఉన్నది. దాని భాష తెలుగు, లిపి ఉర్దూ. మా వంశ వృత్తాంతం వ్రాయాలని మూడు సంవత్సరాల క్రితం నేను పూనుకొన్నప్పుడు నాకు దొరికిన ఏకైక లిఖితాధారం అదే.

మాది గణపవరం. తాడేపల్లిగూడేనికీ కొల్లేటికీ నడుమనున్న ఊరు. కాగితాల మీద మా ఇంటిపేరు షేక్. ఊరిలో మాత్రం మమ్మల్ని ‘అర్మానీ సాయిబులు’ అని పిలుస్తారు. అర్మాన్ అంటే ఉర్దూలో కోరిక. ముఖ్యంగా తీరని కోరిక. మా పూర్వులలో ఒకాయనకు ఏదో కోరిక తీరకుండా పోయిందనీ, ఆ కారణాన ఆ పేరు వచ్చిందనీ చిన్నతనంలో విన్నాను. ఆ కోరిక ఏమిటో ఎవరికి తోచినట్లు వారు చెప్పేవారు. హజ్ యాత్ర అని మా ఫుప్పీ అనేది. పదెకరాల మాగాణి అని ఎదురింటి రాజుగారు హాస్యమాడేవారు. నేను ఎం.ఏ. చదివే రోజుల్లో గ్రంథాలయంలో మెస్రోవ్ జేకబ్ సేత్ అనే ఆయన కలకత్తా నుంచి 1937లో వెలువరించిన భారతదేశపు ఆర్మీనియన్ల చరిత్ర చేతికి దొరికింది. పారసీకంలోనూ, ఉర్దూలోనూ ఆర్మీనియా దేశస్థుణ్ణి ‘అర్మనీ’ అంటారని నాకు అప్పుడే తెలిసినది. అర్మానీ, అర్మనీ! మధ్యనున్న తేడా ఒక్క దీర్ఘం.

ఆర్మీనియన్లకూ తెలుగు దేశానికీ సంబంధమేమిటని విద్యార్థులు ఆశ్చర్యపడవచ్చును. సంబంధం చాలా పాతది. పారసీక చక్రవర్తి మొదటి షా అబ్బాస్ 1604-05 సంవత్సరాలలో అరాస్ నది ఒడ్డునున్న జుల్ఫా పట్టణం నుంచి ఆర్మీనియన్ కుటుంబాలను లేవదీసి తన రాజధాని ఇస్ఫహాన్‌కు తరలించాడు. అక్కడ వారు కట్టుకొన్న కొత్త జుల్ఫా పేటయే వారి వర్తకానికి కేంద్రమైనది. వారి మతం క్రైస్తవం, వృత్తి వర్తకం, పారసీకం కూడా ఎరిగినవారు. గోల్కొండ కుతుబ్‌షాహీల కొలువులో పారసీకం రాజభాషగా వెలుగుతున్న కాలమది. గోల్కొండ వజ్రాలకూ, బందరు అద్దకం బట్టలకూ పారసీక దేశంలో గొప్ప గిరాకీ ఉండిన కాలమది. కనుక జుల్ఫా వర్తకులు బందరుకు రావటంలో వింత లేదు. మనం నోరార పలికే ‘బందరు’ అన్న మాటయే పారసీకం గదా! రేవు అని దాని అర్థం.

బందరుకు ఫ్రెంచివారు వచ్చిన కథ వింటే ఈ సంగతి మరింత స్పష్టమవుతుంది. 1669లో అబ్దుల్లా కుతుబ్‌షా నుంచి ఫ్రెంచి కంపెనీకి బందరులో వర్తకం చేసికొనే ఫర్మానా సంపాదించిపెట్టినవాడు ఫ్రెంచివాడు కాడు. ఇస్ఫహాన్ నుంచి వచ్చిన మర్కరా అనే ఆర్మీనియన్. దర్బారు మర్యాద తెలిసినవాడు, పారసీకంలో మాట్లాడగలవాడు. ఫర్మానా చేతికి వచ్చిన పిమ్మట కంపెనీ పెద్ద కారోన్‌కూ ఇతనికీ చెడింది. మర్కరాను బంధించి ఓడనెక్కించి ఫ్రాన్సుకు పంపించారు. అతడు అక్కడ కంపెనీ మీద వ్యాజ్యం నడిపాడు. తనకు జరిగినదంతా న్యాయస్థానానికి వ్రాతమూలంగా చెప్పుకొన్నాడు. బందరు ఆర్మీనియన్లలో తన కథ తాను చెప్పుకొనే అవకాశం కలిగినవాడు అతడే కాబోలు. అదీ సంకెళ్ళు పడిన కారణంగానే.

బందరులో నేటికీ వలందపాలెం ఉన్నది, పరాసుపేట ఉన్నది, ఇంగ్లీషుపాలెం ఉన్నది. వలందులంటే డచ్చివారు, పరాసులంటే ఫ్రెంచివారు. డచ్చివారి సమాధులు రాతి చెక్కడాలతో ఇప్పటికీ నిలిచి ఉన్నవి. ఆర్మీనియన్ల పేరిట ఒక పేటగాని, సందుగాని నాకక్కడ కనబడలేదు. వెనుక ఒక రాజ్యమూ, కోటా, ఫిరంగులూ ఉన్నవారి పేర్లు పేటలుగా మిగిలాయి. మూటలు మాత్రమే ఉన్నవారి పేర్లు పోయాయి. హైదరాబాదు ఉప్పుగూడలో మాత్రం 17వ శతాబ్దపు ఆర్మీనియన్ సమాధులు ఉన్నవి. నేను వెళ్ళి చూశాను. ఆ రాళ్ళ మీది అక్షరాలు మెస్రోప్ మష్తోత్స్ అనే మతాచార్యుడు 5వ శతాబ్దారంభంలో కూర్చిన లిపి. తెలుగూ ఉర్దూ రెండూ చదవగలననే నా గర్వం ఆ రాళ్ళ ముందు నిలువలేదు.

మదరాసులో వారి వైభవం ఇంకా ఎక్కువ. ఖోజా పెట్రుస్ ఉస్కాన్ అనే వర్తకుడు అడయారు నది మీద 1726లో వంతెన కట్టించాడు. ఆయన 1751లో మరణించగా దేహాన్ని మదరాసులోనే సమాధి చేసి, ఆయన కోరిక ప్రకారం గుండెను మాత్రం జుల్ఫాకు పంపించారట. ప్రపంచంలోకెల్లా మొదటి ఆర్మీనియన్ పత్రిక ‘అజ్దరార్’ వెలువడినది కూడా వారి దేశంలో కాదు, 1794లో మదరాసులో. ఆ నగరంలోని ఆర్మీనియన్ వీధిని తమిళులు ‘అరణ్మనైకారన్ వీధి’ అంటారు. అరణ్మనై అంటే రాజప్రాసాదం. తెలియని ఆర్మీనియన్ అన్న మాటను చెవికి పరిచయమైన ప్రాసాదంగా మార్చుకొన్నారు. ఈ సంగతి చదివినప్పుడు నాకు మా ఊరే గుర్తుకు వచ్చింది. తమిళులు ప్రాసాదం చేసిన మాటను మా ఊరివారు తీరని కోరికగా చేశారా?

ఇక్కడ మా పద్దుల పుస్తకాన్ని గూర్చి చెప్పాలి. అది మా ముత్తాతగారిది. ఆయన బట్టల మూట భుజాన వేసికొని, తాటి దోనె మీద కొల్లేటి లంక గ్రామాలకు వెళ్ళి అప్పు మీద చీరలు, పంచెలు, రుమాళ్ళు అమ్మేవారు. పంట చేతికి వచ్చిన తరువాత తిరిగి వెళ్ళి వసూలు చేసికొనేవారు. తెలుగు మాట్లాడటమే గాని వ్రాయటం ఆయనకు రాదు. మదర్సాలో నేర్చినది ఉర్దూ. అందుచేత లంకల్లోని రామయ్యలూ, నాగన్నలూ, వెంకటేశ్వర్లూ అందరూ ఆ పుస్తకంలో కుడి నుంచి ఎడమకు నడుస్తారు. “చిన లంక నాగన్న, చీర ఒకటి, రెండు రూపాయలు, బాకీ పన్నెండణాలు” అని తెలుగు వాక్యమే ఉర్దూ అక్షరాలలో ఉంటుంది. మా అబ్బా తరం వారికి ఉర్దూ చదువు తప్పిపోయింది. పుస్తకం అటక మీద ట్రంకుపెట్టెలో పడి ఉన్నది. ఉర్దూ తెలిసిన ఒక పెద్దమనిషికి చూపిస్తే, ఇది ఉర్దూ కాదని ఇచ్చివేశాడట. తెలుగు పంతులుగారికి చూపిస్తే ఆయన చేతిలోకే తీసికోలేదు. రెండు చదువులూ ఉన్నవారికి గాని అది నోరు విప్పదు. ఇటువంటి పుస్తకాలు మీ ఇళ్ళలో కూడా ఉండవచ్చును. నిఖానామాలు, ఉత్తరాలు, చేబదులు చిట్టాలు చిత్తుకాగితాలవాడి తక్కెడలోకి పోకముందే ఒకసారి విప్పి చూడండి.

చివరి నాలుగు పుటలలో అప్పులు లేవు. కుటుంబంలోని జనన మరణాలు వ్రాసి ఉన్నవి. మొట్టమొదటి పద్దు మా ముత్తాతగారి తాతది. బందరు నుంచి గణపవరం వచ్చినాయన ఆయనే. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరును ముంచిన ఉప్పెనలో సుమారు ముప్పది వేల మంది చనిపోయారు. ఆ ఉప్పెనలో అందరినీ పోగొట్టుకొని, కట్టుబట్టలతో ఆయన ఈ ప్రాంతానికి వచ్చాడని మా ఇంట ఆనవాయితీగా చెప్పుకొంటారు. పుస్తకంలో ఆయన పేరు, ఆ పక్కన అయిదక్షరాలు, తరువాత ‘బందర్’ అని ఉన్నది. ఆ అయిదక్షరాలూ అలిఫ్, రే, మీమ్, నూన్, యే. ‘అర్మానీ’ కావాలంటే మీమ్ తరువాత మరొక అలిఫ్ ఉండాలి. లేదు. ఉన్నదున్నట్లు చదివితే అది అర్మనీ. అంటే ఆర్మీనియా వాడు!

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదంటే మీరు నమ్మాలి. పుస్తకానికి తొలి ప్రకరణం అప్పుడే మనసులో తయారైపోయింది. ఇస్ఫహాన్, జుల్ఫా, బందరు రేవు, ఉప్పెన, కొల్లేరు... ఎంత చక్కని వరుస!

తెల్లవారిన తరువాత మొదటి పుట నుంచి మళ్ళీ చదవటం ప్రారంభించాను. మా ముత్తాతగారి దస్తూరి ఎటువంటిదో తెలియకుండా ఒక్క మాట మీద వంశాన్ని నిలబెట్టటం తగదు గదా. రామయ్యను వ్రాయటానికి రే తరువాత అలిఫ్ కావాలి. ఆయన సగం చోట్ల వ్రాశారు, సగం చోట్ల వదిలివేశారు. నాగన్న ఒక పుటలో నాగన్న, మరొక పుటలో నగన్న. దోనెలో కూర్చొని మోకాలి మీద పుస్తకం పెట్టుకొని వ్రాసే మనిషి దీర్ఘాలను పట్టించుకొనే తీరికలో ఉండడు. పైగా తెలుగు అచ్చులన్నిటికీ చాలినన్ని గుర్తులు ఆ లిపిలో లేవు. కాబట్టి మీమ్ తరువాత అలిఫ్ లేకపోవటం ఆర్మీనియాకు రుజువు కాదు. అది ఆర్మీనియా కావచ్చు, తొందరలో జారిపోయిన దీర్ఘమూ కావచ్చు. ఆ అక్షరాల నుంచి అంతకు మించి ఒక్క మాట కూడా పిండలేము.

(ఒక ముచ్చట. రుజువు, దస్తూరి, కాగితం, దస్తావేజు, రసీదు, అసలు, నకలు, హక్కు, వారసుడు... మన తెలుగులో వ్రాతకోతల మాటలలో ఎన్ని అరబ్బీ పారసీకాల నుంచి వచ్చాయో చూడండి. వారసుడని నిరూపించుకోవటానికి కావలసిన మాటలన్నీ ఉన్నవి. నాకు కావలసిన కాగితం మాత్రమే లేదు.)

ఈ సంగతి ఇంట్లో చెప్పినప్పుడు మా పెద్ద చిచ్చా కోపించారు. ఆయన స్వభావతః శాంతమూర్తి. “బేటీ, మన పెద్దలు అరబ్బు దేశం నుంచి వచ్చారని మా అబ్బా చెప్పేవారు. నువ్విప్పుడు కిరస్తానీలని వ్రాస్తే రేపు పిల్లకు సంబంధం చూసేవాళ్ళు ఏమంటారు?” అన్నారు. పిల్ల అంటే ఆయన మనుమరాలు. సంబంధాలు చూస్తున్న రోజులవి. నాకు జవాబు తోచలేదు. పుస్తకం నాది, వ్రాత నాది. దాని బరువు మాత్రం నా పేరు లేని ఒక పెండ్లి శుభలేఖ మీద పడుతున్నది. వంశచరిత్రలు వ్రాసేవారు ఈ చిక్కును గూర్చి తమ పీఠికలలో ఎక్కువగా చెప్పరు.

చిచ్చాకు సమాధానంగా కొన్ని చరిత్రలు వినిపించాను. సూఫీ కవి సర్మద్ 17వ శతాబ్దంలో పారసీకపు కాషాన్ నుంచి వచ్చి మన హైదరాబాదులో కూడా కొంతకాలం ఉన్నాడు. ఆయన పుట్టుకతో యూదుడని కొందరు, ఆర్మీనియన్ అని కొందరు వ్రాశారు. ఢిల్లీ జామా మసీదు వద్దనున్న ఆయన సమాధికి చేతులు జోడించేవారు ఆ తగవు తీరేవరకు ఆగటం లేదు. 1902లో కలకత్తాలో గ్రామఫోను రికార్డులకు పాడి పేరు పొందిన గౌహర్ జాన్ 1873లో ఆజంగఢ్‌లో పుట్టినప్పుడు ఆమె పేరు ఏంజెలీనా; తండ్రి ఆర్మీనియన్ సంతతివాడు. తరువాత తల్లీ కూతుళ్ళు ఇస్లాం స్వీకరించారు. చిచ్చా అంతా విని, “ఫకీర్లకూ పాటగత్తెలకూ చెల్లుతుంది బేటీ, బట్టల దుకాణం వాళ్ళకు చెల్లదు” అన్నారు. ఆయన మాటలో న్యాయం లేకపోలేదు.

పుస్తకంలో నన్ను ఇంకొక పద్దు కూడా ఆపింది. 1920వ సంవత్సరపు పుటలో చీరల బాకీల నడుమ “ఖిలాఫత్ చందా, రెండు రూపాయలు” అని ఉన్నది. రెండు రూపాయలంటే ఆ పుస్తకం లెక్క ప్రకారం ఒక చీర ఖరీదు. 1919లో మొదలై, 1924 మార్చిలో టర్కీ శాసనసభ ఖిలాఫత్‌ను రద్దు చేసేవరకు ఆ ఉద్యమం మన దేశమంతటా హిందూ ముస్లిములను ఒకటిగా కదిలించింది. గాంధీజీ దానికి అండగా నిలిచాడు. ఆ చందా ఇచ్చినందుకు మా ముత్తాతగారిని నేను గౌరవిస్తాను. అయితే అదే ఒట్టొమన్ సామ్రాజ్యంలో 1915 నుంచి ఆర్మీనియన్లను ఊళ్ళకు ఊళ్ళుగా లేవదీసి సిరియా ఎడారుల వైపు నడిపించారు. లక్షలాది మంది హతులైనారు. త్రోవలోనే ఆకలిదప్పులతో కూలిపోయినవారు మరెందరో. అర్మానీ సాయిబు మనుమడు ఆ సామ్రాజ్యపు ఖలీఫా కొరకు కొల్లేటి లంకల్లో సంపాదించిన రెండు రూపాయలు ఇచ్చాడు.

బట్టల మూట మోసే మనిషికి ఆ ఎడారి వార్తలు తెలిసి ఉంటాయని నేను అనుకోను. తెలిసినా, అవి తెల్లదొరల పత్రికల వ్రాతలని కొట్టిపారవేసి ఉండవచ్చును. ఆ దొరలను నమ్మటానికి ఆయనకు కారణం కూడా లేదు. ఒక మిత్రుడు ఆ పద్దును పుస్తకంలో చూపవద్దని సలహా ఇచ్చాడు. ఆ విషయం మన సంచికలో ఎత్తితే కొందరికి కష్టం కలుగుతుందని కూడా అన్నాడు. నాకట్లా తోచలేదు. మక్కా షరీఫ్ హుసేన్ 1917లో ఆర్మీనియన్లను కాపాడండి, మీ వారినీ మీ సంతానాన్నీ కాపాడుకొన్నట్లే కాపాడండి అని తన వారికి ఆజ్ఞాపత్రం పంపించాడు. ఎందరో అరబ్బులు ఆ నిర్వాసితులకు తమ ఇళ్ళలో చోటు ఇచ్చారు. ఆ ఆజ్ఞను మనవారి చరిత్రగా చెప్పుకొని, అది అవసరమైన కారణాన్ని దాచటం ఎట్లా కుదురుతుంది? రెండు రూపాయల పద్దు నా వ్రాతప్రతిలో యథాతథంగా ఉన్నది.

ఆ రోజులలోనే టర్కీ దేశపు న్యాయవాది ఫెథియే చెతిన్ 2004లో ప్రచురించిన ‘అన్నేఆన్నెమ్’ అనే చిన్న పుస్తకాన్ని ఇంగ్లీషులో చదివాను. ‘మా అమ్మమ్మ’ అని దాని అర్థం. ముస్లిం గృహిణిగా, సెహెర్ అనే పేరుతో జీవితమంతా గడిపిన ఆ అమ్మమ్మ ఒకనాడు మనుమరాలిని దగ్గర కూర్చోబెట్టుకొని, తన అసలు పేరు హెరానుష్ అనీ, తాను ఆర్మీనియన్ అనీ, 1915లో జనాన్ని తోలుకొని పోతున్న త్రోవలో తల్లి చేతుల నుంచి తనను లాగి తీసికొన్నారనీ చెప్పింది. అరవై సంవత్సరాలు ఆ మాట ఆమె నోటి వెంట రాలేదు. ఆ పుస్తకం వెలువడిన తరువాత టర్కీలో ఎందరో తమ అమ్మమ్మలను గూర్చి నోరు విప్పారు.

ఆ పుస్తకంతో మా కథకు పోలిక వెదకుతూ నేను మొదట అర్మానీ సాయిబునే చూశాను. ఆర్మీనియా పేరు ఆయన పక్కన ఉన్నది గనుక అది సహజం. ఆ ఊహను సరిదిద్దినది మా దాదీమా. ఆమెకు ఎనభై ఎనిమిది సంవత్సరాలు. చూపు తగ్గింది గాని మాట తగ్గలేదు. నేను పద్దుల పుస్తకం చివరి పుటలు ఆమెకు చదివి వినిపిస్తుండగా మధ్యలో ఆపి, “అందులో ఆడవాళ్ళ పేర్లు చదవ్వేం?” అని అడిగింది.

లేవు. పుట్టిన మగపిల్లల పేర్లు ఉన్నవి. పోయిన మగవారి పేర్లు ఉన్నవి. స్త్రీ చనిపోయిన చోట “ఘర్ మేఁ సే” అని మాత్రమే ఉన్నది. ఇంట్లో మనిషి అని దాని భావం. పాత కాలపు ఉర్దూ మర్యాదలో భార్యను పేరు పెట్టి చెప్పరు. మన తెలుగువారూ “మా ఇంట్లో వాళ్ళు” అంటారు గదా! ఆ పుస్తకంలో రెండు భాషలూ ఏ పేచీ లేకుండా ఏకీభవించిన మాట ఇదొక్కటే.

“ఆయనెక్కణ్ణుంచి వస్తే మనకేం తల్లీ, కన్నావిడ ఇక్కడిదేగా!” అన్నది దాదీమా. అప్పుడు చెప్పింది. ఉప్పెన తరువాత వచ్చిన అర్మానీ సాయిబు పెండ్లాడినది కొల్లేటి లంక పిల్లను. కుటుంబంలో ఆమెను ‘లంక దాదీ’ అనేవారు. నిఖా నాడు ఆమెకు ఒక కొత్త పేరు పెట్టారు. ఆ పేరుతో ఎవరూ పిలువలేదు. పుట్టింటి పేరు అత్తింట ఎవరూ అడుగలేదు. మా ముత్తాతగారు దోనె వేసికొని ఆ లంకల్లోనే బట్టలు అమ్మటానికి కారణం ఆవిడే. ఆమె వైపు చుట్టాలు అక్కడ ఉండేవారు గనుక అప్పు వసూలుకు భయం లేదు. ఇన్నేండ్లూ నేను వర్తకమనుకొన్నది చుట్టరికం!

చెతిన్ పుస్తకంలో పేరు పోగొట్టుకొన్నది హెరానుష్. మా ఇంట పేరు పోగొట్టుకొన్నది లంక దాదీ. ఆ రెండు దుఃఖాలూ ఒకటని నేను అనను. మారణహోమంలో తల్లి నుంచి వేరుపడిన పిల్లతో పెండ్లి చేసికొని వచ్చిన పిల్లను పోల్చటం అన్యాయం. కాని ఎవరి స్థానంలో ఎవరున్నారో ఆ పుస్తకం వల్లనే నాకు స్పష్టమైనది. మా ఇంట చెప్పకుండా ఉండిపోయిన చరిత్ర ఆర్మీనియాది కాదు. దూరదేశం వాడి పేరు, అదీ సందేహాస్పదమైనది, నూట అరవై సంవత్సరాలుగా ఊరంతా పలుకుతూనే ఉన్నది.

లెక్క చూడండి. తరానికి తల్లీ తండ్రీ ఇద్దరు. పన్నెండు తరాలు వెనుకకు పోతే, అంటే ఇంచుమించు కుతుబ్‌షాహీల చివరి రోజులకు, ఒక్కొక్కరికి 4,096 స్థానాలలో పూర్వులుంటారు. అందులో ఒకాయన జుల్ఫా నుంచి వచ్చాడనుకొందాం. మిగిలిన 4,095 స్థానాలలో ఎక్కువ మంది గోదావరి కృష్ణల నడుమ పుట్టి, వరినాట్లు వేసి, చేపలు పట్టి, ఇక్కడి నీరు త్రాగి పోయినవారే అయి ఉంటారు. మనలో ఎవరిని అడిగినా అరబ్బు దేశమో, బాగ్దాదో, బుఖారానో చెబుతాం. కొల్లేరు అని చెప్పినవారిని నేనింతవరకు వినలేదు. మా దాదీమా మెడలో నల్లపూసలున్నవి. మా అబ్బాను నిద్రపుచ్చిన జోలపాటలు తెలుగువి. ఇవి ఎక్కడ నుంచి వచ్చాయని ఏ చిచ్చా కోపగించుకోలేదు. ఎందుకంటే ఎవరూ అడుగలేదు.

పుస్తకం ఇప్పుడు వేరు విధంగా నడుస్తున్నది. మొదటి ప్రకరణం లంక దాదీది. ఆమెను గూర్చి దాదీమా చెప్పిన మాటలు తప్ప ఒక్కటి కూడా చేర్చలేదు. అందుచేత అది ఏడు పుటలకు మించలేదు. అర్మానీ సాయిబు రెండవ ప్రకరణంలోకి జరిగాడు. అక్కడ ఆ అయిదక్షరాలను ఉర్దూలోనే, పుస్తకంలో ఉన్నట్లే వ్రాశాను. అలిఫ్ చేర్చలేదు. ఆయన ఆర్మీనియన్ అని గాని, కాడని గాని అనలేదు. దస్తూరిని గూర్చి నేను గమనించినదంతా పక్కన ఉన్నది. చదివినవారు తమకు తోచినట్లు నిర్ణయించుకొంటారు. బందరు ఆర్మీనియన్ల చరిత్ర కూడా ఉన్నది, ఎందుకంటే అది మా వంశానిది అయినా కాకపోయినా ఈ నేల చరిత్రే. తరువాతి ప్రకరణాల కొరకు దాదీమాను అడిగి స్త్రీల పేర్లు వ్రాసికొంటున్నాను. ఇంతవరకు పదకొండు వచ్చినవి. కొన్ని పేర్లకు ఊరు తెలిసినది, కొన్నింటికి లేదు. చనిపోయిన పసిపిల్లల పేర్లు ఆమె చెప్పలేనన్నది. వాటి చోట ఖాళీ వదిలాను.

ఎంత వాదించినా చిచ్చా అనుమతి లేకుండా అచ్చు వేయకూడదని నేను నిశ్చయించుకొన్నాను. మనుమరాలి పెండ్లి గత మాఘంలో జరిగింది. ఆ సందడి తీరిన తరువాత మొదటి ప్రకరణం తీసికొని వెళ్ళి ఇచ్చాను. నెల రోజులు తన వద్దనే ఉంచుకొన్నారు. తిరిగి ఇచ్చేటప్పుడు మంచి చెడ్డలు ఏమీ అనలేదు; టీ త్రాగి వెళ్ళమన్నారు. ఇంటికి వచ్చి విప్పి చూస్తే చివరి పుట అంచున పెన్సిలుతో ఒక పేరు ఉన్నది. చిచ్చా మదర్సాలో చిన్ననాడు నాలుగు నెలలు మాత్రమే నేర్చిన ఉర్దూ అక్షరాలతో, ఆయన నానీ పేరు. దాని క్రింద తెలుగులో: “పుట్టింది గుండుగొలను. ఈవిణ్ణి కూడా వ్రాయి.”